అమ్మాలా, ఉంచుకోవాలా: సైజు తప్పిన ఒక ఉక్కు రోడ్ బైక్ కేస్ స్టడీ

పరిశీలనకు వచ్చినది 1980ల మొదట్లో ఇటలీలో తయారైన రోడ్ బైక్. లగ్‌లలో (ట్యూబులు కలిసేచోట ఉండే ఉక్కు తొడుగులు) ట్యూబులు దించి ఇత్తడితో అతికిన ఫ్రేమ్, కొలంబస్ కంపెనీ ఎస్‌ఎల్ రకం ట్యూబులు, కాంపాన్యోలో కంపెనీ న్యువో రికార్డ్ సామాను (గేర్లు, క్రాంక్ లాంటివి). పెయింటూ స్టిక్కర్లూ ఫ్యాక్టరీలో వేసినవే. యజమాని వయసు యాభై దాటింది. యువకుడిగా ఉన్నప్పుడు కొన్న బైక్ ఇది, ఇన్నేళ్లూ చేయి మారలేదు. ఇప్పుడు అమ్మేయాలనుకుంటున్నారు, కానీ మనసు ఒప్పడం లేదు.

అమ్మడానికి ఆయన చెప్పిన కారణాలు నాలుగు. గంటసేపు తొక్కేసరికి చేతులు తిమ్మిరెక్కి మెడ పట్టేస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు బరువుగా ఉన్నాయి. ఏదైనా విరిగితే సామాను దొరకదని భయం. అక్కడక్కడా తుప్పు కనిపిస్తోంది. ఉంచుకోవడానికి చెప్పినది ఒక్కటే, ఆ బైక్ అంటే ప్రాణం.

ఇలాంటి కేసుల్లో ప్రాణం అన్న మాటను తక్కెడలో వేయకూడదు. దానికి ఎదురుగా పెట్టే తూకపు రాయి లేదు. చెప్పిన ప్రతి ఇబ్బందీ బోల్టులతో తీరేదా, లేక ట్యూబుల్లోనే ఉందా అన్నదే తేల్చాలి. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే మెడ), హ్యాండిల్, గేర్లు, చక్రాలు అన్నీ మార్చుకోవచ్చు. ట్యూబుల పొడవు మాత్రం మార్చలేం.

మొదటి చూపు: కదలాల్సినవి కదులుతున్నాయా

పాత ఉక్కు ఫ్రేమ్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సింది సీట్ పోస్ట్, అంటే సీటును మోసే గొట్టం. పోస్ట్ అల్యూమినియం, ఫ్రేమ్ ఉక్కు. మధ్యలో గ్రీజు ఎండిపోయి చెమట, వాననీరు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉబ్బి, పోస్ట్‌ను లోపలే బిగించేస్తుంది. పట్టేసిన పోస్ట్ ఉన్న బైక్ కొన్నవారికి సీటు ఎత్తు సర్దుకునే వీలుండదు, కాబట్టి విలువ బాగా పడిపోతుంది. ఇక్కడ బోల్టు వదులు చేసి చేత్తో తిప్పగానే పోస్ట్ కదిలింది. బయటకు తీసి కొలిస్తే 27.2 మి.మీ.

స్టెమ్ మాత్రం పట్టేసింది. పై బోల్టును మూడు చుట్లు వదులు చేసి, బోల్టు తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే లోపలి వెడ్జ్ (స్టెమ్‌ను బిగించి ఉంచే చీల) కిందికి దిగాలి. అలా దిగకుండానే హ్యాండిల్ పట్టుకుని మెలితిప్పడం చాలామంది చేసే పొరపాటు. ఫోర్క్ కాళ్లు వంగిపోయేది అప్పుడే. ఈ బైక్‌లో వెడ్జ్ దిగింది, స్టెమ్ మాత్రం కదలలేదు. స్టీరర్ (ఫ్రేమ్ ముందుండే హెడ్ ట్యూబ్‌లోకి వెళ్లే ఫోర్క్ గొట్టం) పై అంచు దగ్గర చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి వదిలేశాం. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ చిన్నగా కదిపితే వచ్చింది.

ఫ్రేమ్

స్టిక్కర్ ఉన్నంత మాత్రాన ట్యూబులు అవే అనుకోకూడదు. స్టిక్కర్ ఎవరైనా అంటించగలరు. ఎస్‌ఎల్ సీట్ ట్యూబ్ బయటి వ్యాసం 28.6 మి.మీ., పైభాగంలో గోడ మందం 0.6 మి.మీ. రెండు వైపుల గోడ తీసేస్తే 27.4, అందుకే 27.2 పోస్ట్ సరిపోతుంది. అదే కొలంబస్‌లోనే బరువైన ఎస్‌పీ రకం అయితే గోడ కాస్త మందం, 27.0 పోస్ట్ పడుతుంది. 26.4, 26.2 లాంటి పోస్ట్ దిగిందంటే స్టిక్కర్‌ను అనుమానించాల్సిందే. రెండో ఆనవాలు ఫోర్క్‌లో ఉంటుంది. క్రౌన్ (ఫోర్క్ కాళ్లు కలిసేచోటు) కింది నుంచి స్టీరర్ లోపలికి టార్చి వేస్తే మెలితిరిగిన గట్లు కనిపించాయి, అవి కొలంబస్ స్టీరర్ గుర్తు. బాటమ్ బ్రాకెట్ (పెడల్ చేతుల మధ్య ఇరుసు) విప్పి డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి అక్కడికి దిగే ట్యూబ్) కొనలోకి చూస్తే అలాంటి గట్లు లేవు. ఉండి ఉంటే అది ఎస్‌ఎల్‌ఎక్స్ అనే మరో కొలంబస్ రకం. వెనక డిరైల్యూర్ (గేర్లు మార్చే యంత్రం) మీద పేటెంట్ పక్కన 82 అని అచ్చు ఉంది. ఆ అంకె డిరైల్యూర్ తయారైన ఏడాదిని చెబుతుంది, ఫ్రేమ్‌ది కాదు. అయినా మిగతా సామానుతో కలిపి చూస్తే యజమాని చెప్పిన కాలంతో సరిపోయింది.

ముందు నుంచి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా అన్నది డౌన్ ట్యూబ్ చెబుతుంది. హెడ్ లగ్ నుంచి రెండు మూడు అంగుళాల వరకు ట్యూబ్ అడుగున బొటనవేలు నెమ్మదిగా జరపాలి. కంటికి దొరకని ముడత వేలికి దొరుకుతుంది. టాప్ ట్యూబ్ అడుగు భాగాన్నీ అలాగే చూడాలి. ఇక్కడ రెండూ నున్నగా ఉన్నాయి. పక్క నుంచి చూస్తే ఫోర్క్ కాళ్ల పైభాగం హెడ్ ట్యూబ్‌తో ఒకే గీతలో ఉంది.

తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం తీసేసి, ఒక డ్రాపౌట్‌కు (చక్రం ఇరుసు కూర్చునే పలక) దారం కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కు బిగించి కడతాం. సీట్ ట్యూబ్‌కూ దారానికీ మధ్య ఖాళీని రెండు వైపులా కొలుస్తాం. ఎడమ 30.5, కుడి 31 మి.మీ. వచ్చింది. రెండు మి.మీ. లోపు తేడాను పాత ఫ్రేమ్‌లో పట్టించుకోనక్కర్లేదు. డ్రాపౌట్ల మధ్య వెడల్పు 126 మి.మీ., ఆరు గేర్ల కాలానికి సరైనది. తర్వాత వచ్చిన 130 మి.మీ. హబ్ కోసం ఎవరూ వంచి వెడల్పు చేయలేదన్నమాట. అమ్మే ముందు అలా వంచి ‘ఆధునికం’ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకూడదు. కొనేవారికి కావాలంటే ఎప్పుడైనా చేసుకోగలిగిన పని అది, మనం చేసేస్తే ఫ్రేమ్ అసలు కొలత పోతుంది.

తుప్పు దగ్గర ఎక్కువసేపు ఆగాం. యజమానికి భయం పుట్టించింది వెనక డ్రాపౌట్ దగ్గర, పెయింట్ ఊడినచోట కనిపించిన ఎర్రటి మచ్చ. నిజానికి అది ఏమంత ప్రమాదం కాదు. డ్రాపౌట్ మందపాటి ఉక్కు పలక, పైపైన తుప్పు పడితే దానికి ఏమీ కాదు. చూడాల్సింది టాప్ ట్యూబ్ మీద బ్రేక్ కేబుల్‌ను పట్టి ఉంచే మూడు క్లిప్పుల కింద. తొక్కేవారి చెమట సరిగ్గా అక్కడే కారుతుంది, క్లిప్ కింద నిలిచిపోతుంది. పైగా ఎస్‌ఎల్ టాప్ ట్యూబ్ గోడ రెండు చివర్లలో 0.9 మి.మీ. ఉన్నా నడిమిన 0.6 మాత్రమే. మధ్య క్లిప్ తీస్తే గోరంత చోట గుంటలు కనిపించాయి. సన్నని మొనతో గుచ్చి చూశాం, మొన ఎక్కడా దిగలేదు. తట్టితే శబ్దం చుట్టుపక్కల ట్యూబ్‌లాగే గట్టిగా ఉంది. తుప్పును చేత్తో గీకి, తుప్పును ఆపే రసాయనం రాసి, రంగు కలిసే పెయింట్ చుక్క పెట్టాం. క్లిప్పుల కింద పల్చని ప్లాస్టిక్ పట్టీ వేశాం.

బాటమ్ బ్రాకెట్ గూటిని తలకిందులు చేసి తట్టితే పొడి రాలింది కానీ పెచ్చులు రాలలేదు. పెచ్చులు పెచ్చులుగా పొరలు ఊడిపడితే లోపల చాలా లోతుకు తిన్నదని అర్థం. ఇటాలియన్ గూడు విషయంలో ఇంకొకటి చూడాలి, మరలు. 36 మి.మీ. వ్యాసం, అంగుళానికి 24 మరలు, రెండు వైపులా కుడి చుట్టే. ఇంగ్లీష్ గూట్లో మరలు పాడైతే దాన్ని పెద్దగా కోసి ఇటాలియన్‌కు మార్చి బతికించుకోవచ్చు. ఇటాలియన్ గూట్లో పాడైతే ఆ దారి లేదు, ఆ గూడు గోడలో పట్టే అంతకంటే పెద్ద మరల కొలత లేదు. రెండు వైపులా కుడి చుట్టు కావడం వల్ల చైన్ వైపు కప్పు (ఇరుసు బేరింగ్‌ను మోసే మరల తొడుగు) తొక్కే కొద్దీ వదులయ్యే గుణం కూడా దీనికి ఉంది. వదులైన కప్పుతో ఏళ్లు తొక్కితే పాడయ్యేవి ఆ మరలే. ఈ బైక్‌లో కప్పు గట్టిగా ఉంది, మరలు పదునుగా ఉన్నాయి.

కుడి క్రాంక్‌లో నెర్ర

యజమానికి అసలు అనుమానమే లేనిచోట తేలిన లోపం ఇది. న్యువో రికార్డ్ కుడి క్రాంక్‌లో (పెడల్ బిగించే చేయి) చైన్‌రింగ్‌ను, అంటే ముందు పళ్ల చక్రాన్ని, మోసే ఐదు కాళ్లు ఉంటాయి. క్రాంక్ చేయి, పక్క కాలు కలిసే సందులో లోహం సన్నగా, మూల పదునుగా ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ వంపు ఒత్తిడంతా ఆ మూలలోకే చేరుతుంది. నెర్ర పుట్టేది అక్కడే. గ్రీజు, దుమ్ము కలిసి ఆ సందును మూసేస్తాయి కాబట్టి క్రాంక్ విప్పి కడగకుండా చూశామనడం చూడనట్టే లెక్క.

విప్పడానికి 15 మి.మీ. బోల్టు తీసి, 22 మి.మీ. మరలున్న పుల్లర్ వాడాలి. బోల్టు కింద వాషర్ ఉంటే ముందు దాన్ని తీయాలి. వాషర్ లోపల ఉండగానే పుల్లర్ బిగిస్తే క్రాంక్ మరలు ఊడొచ్చేస్తాయి. కడిగి ఆరబెట్టాక ఎర్రటి పెనెట్రెంట్ రంగు పూసి పావుగంట ఆగాం. గుడ్డతో పూర్తిగా తుడిచి తెల్లటి డెవలపర్ చల్లితే సందులో సన్నని ఎర్ర గీత తేలింది, పొడవు దాదాపు 6 మి.మీ.

నెర్ర బాగా పైపైన ఉన్నప్పుడు గుండ్రటి ఆకురాయితో మూలను నున్నగా అరగదీసి వాడుకునేవాళ్లున్నారు. ఇంత పొడవు వచ్చాక ఆ మాటే అనవసరం. నిలబడి తొక్కేటప్పుడు క్రాంక్ విరిగితే మనిషి నేల మీద పడతాడు. దీన్ని పక్కన పెట్టించాం. వెనక వైపు ‘పగిలింది’ అని పంచ్‌తో చెక్కించాం, రేపు ఎవరి చేతిలో పడినా మళ్లీ బిగించకుండా. అదే కాలపు, అదే 170 మి.మీ. పొడవున్న కుడి క్రాంక్ ఒకటి విడిగా వెతికి, దానికీ రంగు పరీక్ష చేసి బిగించాం. చైన్‌రింగ్‌లు పాతవే దానికి ఎక్కాయి, రింగ్ బోల్టులు కూర్చునే వలయం వ్యాసం అదే 144 మి.మీ. కాబట్టి.

హ్యాండిల్ టేపు కూడా విప్పాలి. బ్రేక్ లీవర్ల బిగింపు కింద తెల్లటి పొడి, పైపై గుంటలు ఉన్నాయి. పగుళ్లు లేవు. అయినా ఇంత వయసున్న అల్యూమినియం హ్యాండిల్‌ను అలంకారంగా ఉంచి, తొక్కడానికి వేరేది వాడమనే చెబుతాం.

గేర్లు, సామాను

గేర్ల ఇబ్బంది నిజమే. 42 పళ్ల చైన్‌రింగ్, వెనక 24 పళ్లు. ఒక చుట్టు తొక్కితే బైక్ దాదాపు 3.7 మీటర్లు ముందుకు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అది మోకాళ్ల మీద పెద్ద భారం. 144 మి.మీ. వలయానికి 42 కంటే చెప్పుకోదగినంత చిన్న రింగ్ దొరకదు. న్యువో రికార్డ్ డిరైల్యూర్ వెనక 26 పళ్లకు మించి మోయడానికి చేసినది కాదు. అందుకే ఉన్న సామానుతో పెద్ద మార్పు రాదు. కానీ 110 మి.మీ. వలయం క్రాంక్ మీద 50, 34 రింగులు, వెనక 14 నుంచి 28 పళ్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), పొడవు కేజ్ (చైన్‌ను బిగువుగా ఉంచే చేయి) ఉన్న డిరైల్యూర్ పెడితే చిన్న గేర్ 2.55 మీటర్లకు దిగుతుంది. డిరైల్యూర్ ఎన్నుకునేటప్పుడు ముందు రింగుల తేడా 16, వెనక పళ్ల తేడా 14, మొత్తం 30 పళ్ల సామర్థ్యం ఉండాలి. డౌన్ ట్యూబ్ మీద ఉన్నవి క్లిక్ లేని ఫ్రిక్షన్ లీవర్లు, అవి ఏ కంపెనీ డిరైల్యూర్‌నైనా లాగుతాయి. కొత్త క్రాంక్‌కు బాటమ్ బ్రాకెట్ ఇరుసు పొడవు వేరుగా ఉంటుంది. పాత ఇరుసు మీదే బిగిస్తే చైన్ గీత తప్పి చిన్న రింగ్ ఫ్రేమ్‌కు రాసుకుంటుంది. అందుకని ఇటాలియన్ మరల కార్ట్రిడ్జ్ బాటమ్ బ్రాకెట్ కొత్తది కావాలి. ఇదంతా బోల్టుల పనే.

సామాను దొరకదన్న భయానికి ఆధారం తక్కువ. చైన్, కేబుళ్లు, బ్రేక్ రబ్బర్లు, హబ్‌లోని పావు అంగుళం గుండ్లు, 700సి టైర్లు అన్నీ ఇప్పటికీ తయారవుతున్నవే. దొరకనివల్లా ఆ కంపెనీ ముద్ర ఉన్న లీవర్ రబ్బర్ల లాంటివి.

అలా తుప్పు, గేర్లు, సామాను మూడూ అమ్మడానికి కారణాలు కాకుండా పోయాయి. మిగిలింది చేతుల తిమ్మిరి.

కొలతలు

ఫ్రేమ్ సీట్ ట్యూబ్ నడిమి నుంచి నడిమికి 58 సెం.మీ., టాప్ ట్యూబ్ 57.5, స్టెమ్ 11. యజమాని కాలి లోకొలత 84 సెం.మీ. కొలిచే పద్ధతి తెలిసిందే. వట్టికాళ్లతో గోడకు ఆనుకుని నిలబడి, రెండు కాళ్ల మధ్య అట్టపుస్తకం గట్టిగా పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలకు కొలవాలి. దాన్ని 0.65తో గుణిస్తే సరిపోయే సీట్ ట్యూబ్ పొడవు సుమారుగా వస్తుంది. 84కు 54.6 వచ్చింది. 58 ఫ్రేమ్ లెక్క ప్రకారం 89 సెం.మీ. కాలున్నవారిది.

అంటే ఈ ఫ్రేమ్ ఆయనకు కొన్న రోజు నుంచీ పెద్దదే. వయసులో ఉన్నప్పుడు నడుము వంగింది, భుజాలు సాగాయి, తేడా తెలియలేదు. చేతులు తిమ్మిరెక్కడం వయసు వల్ల వచ్చిన కొత్త సమస్యలా కనిపించినా, వయసు చేసినదల్లా మొదటి నుంచీ ఉన్న తేడాను బయటపెట్టడమే. టాప్ ట్యూబ్ మీద కాళ్లు ఇరువైపులా పెట్టి నిలబడితే ఖాళీ దాదాపు లేదు. యజమాని దాన్ని ఎప్పుడూ లోపంగా లెక్కపెట్టలేదు.

కొలతలు మార్చుకునే వీలున్న స్థిర బైక్ మీద ఆయనకు నొప్పి లేని భంగిమ వెతికాం. సీటు ముక్కు నుంచి లీవర్ల మీద చేయి ఆనే గుంట వరకు సొంత బైక్ మీద 73 సెం.మీ. ఉంటే, హాయిగా అనిపించింది 65 దగ్గర. హ్యాండిల్ కూడా ఇప్పటికంటే 5 సెం.మీ. పైకి రావాలి.

ఎనిమిది సెం.మీ. తగ్గించాలి. హ్యాండిల్ 5 సెం.మీ. పైకి లేపితే స్టీరర్ వాలు వల్ల అది దాదాపు ఒకటిన్నర సెం.మీ. వెనక్కి కూడా వస్తుంది. వంపు తక్కువున్న హ్యాండిల్ ఇంకో ఒకటిన్నర ఇస్తుంది. మిగిలిన ఐదూ స్టెమ్‌లోంచే తీయాలి, అంటే 11 నుంచి 6కు. సీటును ముందుకు జరిపి ఈ లెక్క సర్దుకోవడం తగదు. సీటు స్థానం మోకాలికి సంబంధించినది, చేతులకు కాదు. సీటు ముందుకు జరిగితే బరువు అరచేతుల మీద ఇంకా పడుతుంది.

ఆరు వారాల పరీక్ష

కాగితం మీద లెక్క చూసి అమ్మేయమనలేదు. ఏ మార్పు అయినా వెనక్కి తీసుకోగలిగేదే చేయాలన్న షరతు మీద బైక్‌ను యజమానికి అనువుగా బిగించాం. పొడవాటి క్విల్ (స్టీరర్‌లోకి దిగే కాడ) ఉన్న 60 మి.మీ. స్టెమ్, దానికి సరిపడే కొత్త హ్యాండిల్, పైన చెప్పిన గేర్లు. పాత హ్యాండిల్ బిగింపు కొలత 26.4 మి.మీ., కొత్త స్టెమ్‌లో అది పట్టదు కాబట్టి హ్యాండిల్ కూడా మారాల్సిందే. తీసిన ప్రతి వస్తువుకూ పేరు రాసిన చీటీ కట్టి ఒకే పెట్టెలో పెట్టించాం. అమ్మే రోజున ఒక్క వాషర్ తక్కువైనా కొనేవారు అడుగుతారు. ఫ్రేమ్ మీద కోత, వంపు, అతుకు ఏదీ లేదు.

ఆరు వారాలు ఆయన ఎప్పుడూ తొక్కే దారుల్లోనే తొక్కారు. ఎత్తులు తేలికయ్యాయి, తిమ్మిరి చాలావరకు తగ్గింది. కానీ రెండు విషయాలు పదేపదే చెప్పారు. దిగువకు వేగంగా వస్తుంటే ముందు చక్రం తేలికై, చేయి కాస్త కదిలినా బైక్ పక్కకు లాగుతోంది. లేచి నిలబడి తొక్కితే మోకాలు హ్యాండిల్‌కు తగులుతోంది. రెండూ ఒకే కారణానివి. పొడవాటి టాప్ ట్యూబ్‌కు పొట్టి స్టెమ్ పెడితే మనిషి బరువు వెనక్కి జరుగుతుంది, హ్యాండిల్ మోకాళ్ల మీదికి వస్తుంది. 80 మి.మీ. స్టెమ్ పెట్టి చూస్తే బైక్ కుదురుకుంది, తిమ్మిరి తిరిగొచ్చింది. రెంటికీ మధ్య 70 పెట్టినా రెండు ఇబ్బందులూ సగం సగం మిగిలాయి.

బోల్టులు అక్కడితో అయిపోయాయి. అమ్మమనే సలహా ఇచ్చాం. ఈ ఫ్రేమ్‌లో లోపమేమీ లేదు కాబట్టే ఆ సలహా ధైర్యంగా ఇవ్వగలిగాం. సరైన కొలత ఉన్న మనిషి కింద ఇది ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. ఆయన దగ్గర ఉంటే గోడకే వేలాడుతుంది.

అమ్మిన తీరు

యజమాని పెట్టిన షరతు ఒక్కటే, బైక్‌ను ముక్కలు చేసి అమ్మకూడదు. విడివిడిగా అమ్మితే మొత్తం మీద ఎక్కువ రావచ్చు, ఆ మాట ఆయనకు దాచలేదు. కానీ సామాను పోయాక ఒంటరి ఫ్రేమ్ అమ్ముడుపోవడం కష్టం. అందుకని పెట్టెలోని పాత సామానంతా తిరిగి ఎక్కించి పూర్తి బైక్‌గా సిద్ధం చేశాం.

పెయింట్ ముట్టుకోలేదు. గీతలున్న అసలు పెయింట్‌కు ఉన్న విలువ మెరిసే కొత్త పెయింట్‌కు రాదు. పైగా కొత్త పెయింట్ కింద ఏం దాచారో అన్న అనుమానం కూడా వస్తుంది. సబ్బునీళ్లతో కడిగి మైనం రాశాం. స్టిక్కర్ల దగ్గరికి థిన్నర్, పెట్రోలు రానివ్వకూడదు, అంచులు లేచిపోతాయి. క్రోమ్ మీది తుప్పు చుక్కలను అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి నీళ్లతో తడిపి రుద్దితే పోయాయి. హబ్‌లు విప్పి కొత్త గ్రీజు పెట్టాం, వెనక హబ్‌లో పావు అంగుళం గుండ్లు వైపుకు తొమ్మిది. టైర్లు, బ్రేక్ రబ్బర్లు, కేబుళ్లు కొత్తవి.

ప్రకటనలో మొదటి వాక్యంగా సైజు పెట్టించాం, కాలి లోకొలత 88 నుంచి 91 సెం.మీ. ఉన్నవారికి అని. ఆ ఒక్క వాక్యం తగని వాళ్లను ముందే ఆపేసింది. తర్వాత పోస్ట్ 27.2, ఇటాలియన్ మరలు, వెనక వెడల్పు 126, దారం పరీక్ష అంకెలు, క్లిప్ కింది గుంటల ఫోటో. కుడి క్రాంక్ తర్వాత మార్చినదని, అసలుది పగిలిందని కూడా రాయించాం. ఇలాంటి బైక్ కొనేవారికి క్రాంక్ ముద్రలు చదవడం వచ్చు. మనం చెప్పకపోతే వాళ్లే పట్టుకుంటారు, అప్పటి నుంచి మనం చెప్పిన మిగతా మాటలనూ నమ్మరు. ఫోటోలు చైన్ వైపు నుంచి, చైన్ పెద్ద రింగ్ మీద, క్రాంక్ నేలకు అడ్డంగా ఉంచి తీశాం. ఫ్రేమ్ నంబర్ ప్రకటనలో వేయలేదు. నికరంగా కొంటామన్నవారికే చూపించాం.

ధర కోసం ఇతరులు అడుగుతున్న ధరలు చూడలేదు. అమ్ముడుపోయిన వాటి ధరలు మాత్రమే, అందులోనూ అవే ట్యూబులు, అదే సామాను ఉన్నవి తీసుకున్నాం. క్రాంక్ మారినందుకు కొంత తగ్గించి, అంతకంటే దిగకూడని అంకెను ముందే కాగితం మీద రాయించాం. మనసున్న వస్తువు అమ్మేటప్పుడు బేరంలో రెండు తప్పులు జరుగుతాయి. మంచిగా మాట్లాడినవారికి చవగ్గా ఇచ్చేస్తారు, లేదంటే ఎవరికీ అందని ధర చెప్పి అమ్మకుండా తప్పించుకుంటారు. రాసి ఉన్న అంకె రెంటినీ ఆపుతుంది.

కొన్నవారి కాలు 90 సెం.మీ. పార్శిల్‌లో పంపాల్సి వచ్చింది. చక్రాలు తీశాక ముందు 100, వెనక 126 మి.మీ. పొడవున్న అడ్డకర్రలు డ్రాపౌట్ల మధ్య బిగించాం. అవి లేకుండా పెట్టె మీద బరువు పడితే దారం పరీక్షలో వచ్చిన ఆ అర మి.మీ. తేడా రెండు సెంటీమీటర్లు కావచ్చు. వెనక డిరైల్యూర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి చైన్‌తో సహా గుడ్డలో చుట్టి స్టేల (వెనక చక్రానికి ఇరువైపులా ఉండే సన్న ట్యూబులు) మధ్య కట్టాం. ఇరుసు కొనలకు అట్ట తొడుగులు వేశాం, అవే పెట్టెను చీల్చుకుని బయటకు వచ్చేవి. స్టెమ్, పోస్ట్ బిగించే ముందు గ్రీజు రాయమని చీటీ రాసి సీటుకు కట్టాం.

యజమాని ఆ తర్వాత తీసుకున్నది కూడా ఉక్కు ఫ్రేమే. సీట్ ట్యూబ్ 55, టాప్ ట్యూబ్ 54.5. పరీక్షకు కొన్న క్రాంక్, పొడవు కేజ్ డిరైల్యూర్, పొట్టి వంపు హ్యాండిల్ దాని మీదికి వెళ్లాయి. స్టెమ్ 9 సెం.మీ.లది చాలింది. బాటమ్ బ్రాకెట్ కార్ట్రిడ్జ్ మాత్రం కొత్త ఫ్రేమ్‌కు పనికిరాలేదు, ఆ గూడు ఇంగ్లీష్ మరలది. ఇటాలియన్ కార్ట్రిడ్జ్‌ను పాత బైక్ పెట్టెలోనే కొన్నవారికి పంపేశాం.